గొంతమ్మ విడిచిన ఖాళీలు

స్టూడియోలో ఆమెను గొంతమ్మ అని పిలిచేవారు. పుస్తకాన్ని కంటితో చదివే తీరిక లేనివారి కొరకు, కన్ను సహకరించనివారి కొరకు, దానిని పైకి చదివి రికార్డు చేయించడం ఆమె వృత్తి. లావుపాటి తలుపు గల ఇరుకు గది, గోడలకు బూడిదరంగు మెత్తలు, ఒక కుర్చీ, ఉన్నిగుడ్డ పరచిన బల్ల, ముఖానికి జానెడు దూరంలో మైకు. కాగితం గరగరమన్నా, గుటక వినిపించినా అద్దానికి ఆవల కూర్చున్న మనిషి చెయ్యెత్తేవాడు. మీటలు జరపడం అతని పని గనుక అతనిని అందరూ మీటలాయన అనేవారు.

చదవడానికి ముందు గొంతమ్మ ప్రతి పుట మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకునేది. ఊపిరి తీసుకునే చోట చిన్న గీత, గొంతు దించే చోట వంపు, ఆగవలసిన చోట సున్న. సున్న అంటే ఖాళీ. ఆ ఖాళీ ఎంతసేపు ఉండాలో ఆమెకు గడియారం చెప్పనక్కరలేదు. వినేవారు తమలో తాము ఒక బదులు చెప్పుకోవాలి. ఆ బదులు సరియైనదా కాదా అని వెనుదిరిగి చూసుకునేలోగా తరువాతి మాట వారి చెవిన పడాలి. తొందరపడితే బదులు పుట్టదు, ఆలస్యమైతే అనుమానం పుడుతుంది. ఈ విద్యలో ఆమెకు సాటి లేరని ప్రచురణకర్త పదిమందిలో అనేవాడు. అది పొగడ్త కాదు, నిజం. ఆ నిజమే ఒకనాడు ఆమె ఇంట్లోకి వచ్చి కూర్చున్నది.

ఇంట్లో ఉండేది ఇద్దరు ఆడవాళ్లు, గొంతమ్మ, ఆమె వదిన. అన్న పోయిన తరువాత వదిన పుట్టింటి వైపు చూడలేదు; గొంతమ్మ కూడా తన పెళ్లి మాట తెచ్చిన వారెవరినీ రెండవసారి రానివ్వలేదు. అద్దె ఇంటి మూడు గదుల్లో ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటూ ఇద్దరూ నడివయస్సు దాటిపోయారు. వదిన తెరలు కుట్టేది. కిటికీలకు, తలుపులకు, ఆస్పత్రి మంచాల చుట్టూ కట్టేందుకు. ముందుగది నిండా గుడ్డ తానులు, మధ్యలో కుట్టుమిషను. ఆమె వేసిన అంచుకుట్టు దారం పట్టి గీసినట్లు ఉండేది.

వదినకు కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు ఉన్నదని కంటి డాక్టరమ్మ తొలిదశలోనే పసిగట్టింది.

"దీనికి నొప్పి ఉండదమ్మా. అదే దీంతో వచ్చిన చిక్కు. చూపుని అంచుల నుంచి తినుకుంటూ లోపలికి వస్తుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని ఈ చుక్కలు కాపాడతాయి. పొద్దున, సాయంత్రం, మానకూడదు" అని సీసా చేతిలో పెట్టింది.

"మీ అన్నయ్య ఒక్కపూటైనా వేళకి ఇంటికొచ్చిన పాపాన పోలేదు. ఈ చుక్కలు నయం, రెండు పూటలా వస్తాయి" అని వదిన ఇంటికి వస్తూ నవ్వింది. నవ్వినా, వేళ తప్పకుండా వేసుకునేది.

ఆ రోజుల్లోనే ఆ పుస్తకం వచ్చింది. మనస్సును శుభ్రపరచుకుంటే శరీరం దానంతట అదే బాగుపడుతుందని చెప్పే ఆధ్యాత్మిక గ్రంథం. రచయితను గొంతమ్మ ఎన్నడూ చూడలేదు. అట్ట వెనుక అతని చిరునవ్వు మాత్రం చూసింది. పెన్సిలు పట్టుకొని కూర్చున్నప్పుడు ఆమెకు కలిగినది భక్తి కాదు, ఒక పనివాడు మరొక పనివాడి చేతిపనిని చూసినప్పుడు కలిగే మెచ్చుకోలు. మొదటి అధ్యాయంలో ఆ రచయిత ఏ సంగతీ చెప్పడు, అడుగుతాడు. మీరు అలసిపోయారు కదా. మీ మాట ఎవరూ పూర్తిగా వినలేదు కదా. ఇంతకంటే మంచి జీవితం ఒకటి ఎక్కడో ఉన్నదని మీకు అనిపించింది కదా. వీటికి కాదనగల మనిషి భూమి మీద లేడు. వరుసగా ఔనన్న నోటికి ఆ తరువాతి మాటను కాదనడం బరువవుతుంది. అప్పటిదాకా "మీరు" అంటూ వచ్చినవాడు సరిగ్గా అక్కడే "మనం" అంటాడు. వినేవారి భుజం మీద చెయ్యి పడినట్లుంటుంది.

"ఎంత నేర్పుగా అల్లాడో చూశారా అన్నయ్యగారూ" అని ఆమె మీటలాయనతో అన్నది.

"నాకు మాటలు వినబడవమ్మా, చప్పుళ్లే వినబడతాయి" అన్నాడు అతడు. "మీరు ఊరుకున్నచోట మాత్రం నాకు ఒళ్లు జలదరిస్తోంది."

ఆమె దానిని మెచ్చుకోలుగానే తీసుకున్నది.

రికార్డింగులు బయటికి వచ్చినప్పుడల్లా మొట్టమొదట వినేది వదినే. కుట్టుమిషను పక్కన చిన్న స్పీకరు పెట్టుకొని, కాలు ఆడిస్తూ, మరదలి గొంతు వింటూ తెరలు కుట్టడం ఆమెకు అలవాటు. ఈ పుస్తకాన్ని ఆమె ముగించి, మళ్లీ మొదలుపెట్టింది. మూడవసారి వినేటప్పుడు మిషను ఆపి విన్నది. గొంతమ్మ అదేమీ పట్టించుకోలేదు.

మొదటి సూచన ఒక తెర రూపంలో వచ్చింది. ఎదుటి వీధి దంతవైద్యుడి భార్య కిటికీ తెరలను తిరిగి పట్టుకొచ్చింది. ఎడమ అంచు కుట్టు కొంతదూరం సవ్యంగా నడిచి, మెల్లగా అంచు దాటి, గుడ్డ లేనిచోటికి పోయింది. దారం గాలిలో ఉచ్చులుగా వేలాడుతున్నది.

"గుడ్డే వంకరగా ఉంది" అన్నది వదిన.

ఇన్నేళ్లలో ఆమె గుడ్డ మీద నెపం వేయడం గొంతమ్మ వినలేదు. ఆ వారమే వదిన టీకప్పును బల్ల అంచు దాటి, బల్ల లేనిచోట పెట్టింది. పగిలిన ముక్కలను గొంతమ్మ ఏరుతుంటే, "నువ్వు బల్ల జరిపావా ఏమిటే" అని అడిగింది. బల్ల గోడకు బిగించి ఉన్నది.

గొంతమ్మ లేచి అలమర తీసింది. చుక్కల సీసాలు వరుసగా ఉన్నాయి. ఒక్కదానికీ మూత సీలు విప్పలేదు.

"ఎప్పటి నుంచి మానేశావు?"

"మానలేదు. అవసరం తీరింది."

"పుస్తకం మానమన్నదా? ప్రతి మాటా నేను చదివినదాన్నే. అందులో మందు మానమని ఎక్కడా లేదు."

"నేనన్నానా ఉందని?" వదిన శాంతంగానే ఉన్నది. "పుస్తకం ఎందుకు చెబుతుంది. అడిగింది. ఒక పూట మందుకీ మరో పూట మందుకీ మధ్య మీరు ఎవరిని నమ్ముతున్నారు, అని అడిగింది. అడిగి, కాసేపు ఊరుకున్నావు చూడు. అప్పుడు నాకే తెలిసింది."

గొంతమ్మ చేతిలో సీసా చల్లగా ఉన్నది. ఆ వాక్యం ఆమెకు గుర్తున్నది. దాని చివర తాను పెట్టిన సున్న కూడా గుర్తున్నది. తక్కిన సున్నల కంటే కొంచెం పెద్దది. రచయిత ఏ నేరమూ చేయలేదు, ప్రశ్న అడిగాడంతే. చెప్పకూడని మాటను అతడు వ్రాయలేదు, ఆమె చదవలేదు. ఆ మాట ఆమె విడిచిన ఖాళీలో, వదిన సొంత గొంతుతో పుట్టింది. తన గొంతుతో పుట్టిన మాటను ఎవరు మాత్రం అనుమానిస్తారు?

మరునాడు గొంతమ్మ తన ప్రతిని బల్ల మీద పరచి వదినను ఎదురుగా కూర్చోబెట్టుకున్నది. కట్టిన ఇంటిని ఇటుక ఇటుకగా విప్పి చూపితే తప్ప ఆమె బయటికి రాదనుకున్నది.

"ఇక్కడ చూడు. కన్ను కిటికీ లాంటిది అన్నాడు. బాగుంది, పోలిక. రెండు అధ్యాయాలు పోయాక, కిటికీని లోపలి నుంచి తుడవాలని మనకు తెలుసు కదా, అంటున్నాడు. ఎప్పుడు తెలిసింది మనకి? పోలిక చెప్పాడు గానీ రుజువు చూపాడా?"

"కిటికీల సంగతి నాకు చెబుతావేమిటే. తెరలు కుట్టేదాన్ని. పై అంతస్తుల్లో లోపలి నుంచే తుడుస్తారు."

"నీ కన్ను ఏ అంతస్తులో ఉంది?"

వదిన నవ్వింది. గొంతమ్మకు ఆశ కలిగింది. పుట తిప్పింది.

"ఇది విను. నయమైతే సాధన ఫలించింది. ఎక్కువైతే లోపలి మలినం బయటికి పోతోంది. ఏ మార్పూ లేకపోతే మీ మనస్సు ఇంకా తలుపు తీయలేదు. మరి పుస్తకం తప్పు అని తేలాలంటే ఏం జరగాలి వదినా? ఏం జరిగినా దాని గెలుపేనా?"

"నిజం అంటే అంతేగా. ఎటు తిప్పినా నిలబడుతుంది."

"వదినా, మూసేసిన గది కూడా ఎటు తిప్పినా అలాగే ఉంటుంది."

వదిన చెయ్యి చాచి మరదలి చెంప తడిమింది.

"ఇది కూడా అందులో ఉంది కదే. మిమ్మల్ని ప్రేమించేవారే ముందుగా అడ్డుపడతారు, వారిది దుర్మార్గం కాదు, భయం, అని. నువ్వే చదివావు. నిన్ను నేను ఎప్పుడో క్షమించేశాను."

అంతటి ప్రేమతో ఎన్నడూ ఎవరూ ఆమె నోరు మూయించలేదు. గొంతమ్మ లేచి, చడీచప్పుడు లేకుండా వదిన ఎడమవైపుకు వెళ్లి నిలబడింది. చెయ్యెత్తి, వేళ్లు విప్పి, చెవి పక్కగా ఆడించింది. వదిన ఆమె లేచిన కుర్చీ వైపే చూస్తూ మాట్లాడుతున్నది. చెయ్యి ఇంకా ముందుకు, కనుకొలకు వరకు, దానిని కూడా దాటి వచ్చింది. ముక్కుకు కొంచెం దూరంలో ఉండగా వదిన ఉలిక్కిపడింది.

"ఇంతసేపూ నీకు కనబడలేదు" అన్నది గొంతమ్మ.

"చూపు ఒక్కచోట నిలబడుతోంది. ఏకాగ్రత అంటే అదే" అన్నది వదిన, గర్వంగా.

అప్పటి నుంచి గొంతమ్మ బతిమాలింది, కసిరింది, అన్నం మానుకున్నది, డాక్టరమ్మ చేత ఫోనులో మాట్లాడించింది. వదిన అన్నీ విని, స్పీకరు మీట నొక్కి, "నువ్వు అరుస్తావే. ఆవిడ నెమ్మదిగా చెబుతుంది" అనేది. ఆవిడ. మొదటిసారి వేళాకోళమేమో అనుకున్నది గొంతమ్మ. కాదు. ఇంట్లో ఎంగిలి కప్పులు కడిగే మరదలు ఒకరు, స్పీకరులోని మనిషి మరొకరు. ఒకే గొంతు గల ఆ ఇద్దరిలో వదిన ఎవరి మాట వింటుందో తేలిపోయింది.

సరే, ఆవిడ చేతనే చెప్పిద్దామని గొంతమ్మ నిశ్చయించుకున్నది. కాగితం తీసుకొని ఒక అధ్యాయం తానే వ్రాసింది. పడకగది తలుపు వేసి, దుప్పటి ముసుగులో ఫోను పట్టుకొని చదివి, కొత్త భాగం వచ్చిందని చెప్పి స్పీకరులో పెట్టింది. "చుక్కలు మానకండి, వైద్యుని మాట వినండి" అని అందులో తిన్నగానే చెప్పింది.

వదిన తల వంచి శ్రద్ధగా విన్నది. చూపు కుంచించుకున్నకొద్దీ ఆమె చెవి పదునెక్కింది.

"ఆవిడ ఇంట్లో కూడా మన ఫ్యానే ఉందే. అదే కిర్రు. ఇదిగో, మన లిఫ్టు తలుపు కూడా పడింది" అన్నది. తరువాత నవ్వు మాని, "ఆవిడ గొంతు కూడా దొంగిలిస్తావా" అన్నది. ఆ వారమంతా గొంతమ్మ వడ్డించిన అన్నం కూడా వదిన వాసన చూసి తిన్నది.

గొంతమ్మ మీటలాయన దగ్గరికి పోయి జరిగినదంతా చెప్పింది. అతడు చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ మౌనం చెడిందమ్మా. గొంతు కాదు" అన్నాడు. "రోజూ పని అయ్యాక అందర్నీ కదలొద్దని చెప్పి ఖాళీ గదిని కాసేపు రికార్డు చేస్తాను, గుర్తుందా? దాన్ని గది మౌనం అంటాం. ప్రతి గదికీ ఓ మౌనం ఉంటుంది. దగ్గు తీసేసినచోట, తప్పు కోసేసినచోట ఆ ముక్క అతికిస్తే తేడా తెలీదు. మీ వదినగారు ఆ పుస్తకాన్ని అన్నిసార్లు విన్నారంటే, ఆమె నమ్మింది మీ మాటల్ని కాదు. వాటి వెనకాల ఏమీ లేకపోవడాన్ని."

"అయితే ఇక్కడే చదువుతాను. మీరు తలుపు వెయ్యండి."

"వేస్తాను. కానీ ఈ మెషిన్లో పడ్డదేదీ పోదమ్మా. పైవాళ్లు అన్నీ వింటారు. తర్వాత నన్ననకండి."

"వింటే విననివ్వండి. ఆవిడ కన్ను పోతోంది."

ఈసారి ఆమె అధ్యాయాన్ని తిరగవ్రాసింది. తిన్నగా చెప్పినది గనుకనే మొదటిది ఓడిపోయిందని ఆమెకు తెలిసింది. ఇప్పుడు చెప్పలేదు, అడిగింది. మీరు చాలా దూరం వచ్చారు కదా. ఇంత దూరం మీరు ఒంటరిగా రాలేదు కదా. ఇప్పుడు మీలో ఒక సందేహం కదులుతోంది. ఆ సందేహం మీది కాదు, మీ అహంకారానిది. ఆ తరువాత గొంతు దించి, "మనం" అన్నది. మన చేతికి అందేంత దూరంలో ఒక చిన్న సీసా ఉంది. దానిని మన దగ్గరికి పంపినది ఎవరు?

అక్కడ పెద్ద సున్న.

వదిన విన్నది. స్పీకరు ఊరుకున్నంతసేపూ గుడ్డ మీద ఆమె చెయ్యి కదలలేదు. "ఇది ఆవిడే. వెనకాల ఏమీ లేదు" అని తనలో తాను అనుకున్నది. మెల్లగా లేచి, గోడ తడుముకుంటూ అలమర వరకు వెళ్లి, సీసా సీలు విప్పి, తల వెనక్కి వాల్చి, కనురెప్ప పట్టుకొని చుక్క వేసుకున్నది. తలుపు చాటున నిలబడిన గొంతమ్మ గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నది. సంతోషించవలసిన సమయం. కాని పెన్సిలుతో ఆ సున్న పెడుతున్నప్పుడు తన చేతికి కలిగిన హాయి ఆమెకు గుర్తుకు వచ్చి, సంతోషం గొంతు దాటి కిందికి దిగలేదు.

డాక్టరమ్మ పరీక్షించి, పోయినది పోయిందని, మిగిలినది చుట్టిన గుడ్డ తాను నడిమి రంధ్రంలోంచి చూసినట్లు ఉంటుందని, చుక్కలు ఆగితే అదీ ఉండదని చెప్పింది. దారిలో వదిన గొంతమ్మ మోచేయి పట్టుకొని నడుస్తూ అన్నది.

"డాక్టరమ్మ చెప్పిందని వేసుకుంటున్నాననుకుంటోంది పిచ్చిది. పుస్తకం చెప్పింది గనక వేసుకుంటున్నా. పుస్తకం ఊరుకుంటే నేనూ ఊరుకుంటా."

ఆ మాట ప్రకారం పుస్తకం ఊరుకోకూడదు. గొంతమ్మ కొత్త భాగాలు వ్రాస్తూ, పని ముగిసిన తరువాత మెత్తల గదిలో చదువుతూ వచ్చింది. చేయి తిరిగిన కొద్దీ వ్రాత సులువైంది. ఒకసారి, ఏ అవసరమూ లేకుండానే, మీ వెంట ఉన్నవారి సహనాన్ని మీరు గమనించారా అని ఒక ప్రశ్న చేర్చింది. ఆ సాయంత్రం వదిన ఆమె తల నిమిరి, "నీకు నా వల్ల ఎంత కష్టమే" అన్నది. ఇన్నేళ్లలో వదిన అటువంటి మాట అనలేదు. గొంతమ్మకు కళ్లు చెమర్చాయి. ఆ కన్నీటిని తానే వ్రాసుకున్నదని తెలిసి, భయం వేసింది.

ప్రచురణకర్త పిలిపించాడు. అతని బల్ల మీద ఆమె వ్రాసిన మొదటి భాగం అచ్చుకాగితం మీదకు ఎక్కి ఉన్నది.

"రచయిత కంటే మీరే బాగా రాశారమ్మా. దాచుకున్నారేం? రెండో పుస్తకం దీంతోనే మొదలుపెడతాం. చిన్న మార్పు చేశాను, చూడండి."

ఆమె చూసింది. మన చేతికి అందేంత దూరంలో ఒక చిన్న అలవాటు ఉంది. దానిని మన దగ్గరికి పంపినది ఎవరు? సీసా పోయి, వేళకు మందు వేసుకునే అలవాటే అనుమానించవలసినదైంది. తక్కిన ప్రతి అక్షరమూ ఆమెదే. వెనుక పుటలు తిప్పింది. గుండెజబ్బు, షుగరు, మూర్ఛ, నిద్రమాత్రలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయం. ఎక్కడా ఏ మందూ మానమని లేదు. అన్నీ ప్రశ్నలే.

"నేను చదవను సార్."

"మీ ఇష్టం. చదవనివారికి మా గది ఇవ్వలేం కదా." అతడు కోపపడలేదు. "అయినా మీ పాత రికార్డింగులన్నీ ఉన్నాయి. కొత్త అమ్మాయి ఎవరైనా చదువుతుంది. మీరు ఊరుకున్న ముక్కలు మధ్యలో అతికిస్తాం. మీ వదినగారికి కులాసానా?"

ఆమె గది మూలన ఉన్న మీటలాయన వైపు చూసింది. అతడు తల వంచుకొని తీగలు చుట్టుకుంటున్నాడు.

గది లేకపోతే ఆ మౌనం లేదు. ఆ మౌనం లేకపోతే ఇంట్లో ఫ్యాను కిర్రుమంటుంది, లిఫ్టు తలుపు పడుతుంది, వదిన సీసా మూత బిగించేస్తుంది. ఆ తాను రంధ్రమంత చూపు కూడా మూసుకుపోతుంది. మరొకవైపు, ముఖం తెలియని వారెందరో ఎక్కడెక్కడో తమ బల్లల పక్కన చిన్న స్పీకర్లు పెట్టుకొని కూర్చుంటారు. గొంతమ్మ వారిని ఊహించుకోవడానికి ప్రయత్నించింది. ఒక్క ముఖమూ రాలేదు. వదిన ముఖం మాత్రమే వచ్చింది.

బూడిదరంగు మెత్తల నడుమ కూర్చొని, ఉన్నిగుడ్డ మీద మొదటి పుట పరచి, ఆమె పెన్సిలు తీసుకున్నది. సున్నలు పెట్టకుండా పేజీ చివరిదాకా పోవాలని అనుకున్నది. నాలుగవ వాక్యం దగ్గర చెయ్యి తనంతట తానే వంగి గుండ్రంగా తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి వదిన కిటికీకి ఎదురుగా కుర్చీలో ఉన్నది. ఒడిలో సీసా, పక్కన స్పీకరు. స్పీకరులో ఇంకా ఏమీ పెట్టలేదు.

"ఏమిటమ్మా ఇవాళ ఇంత ఆలస్యం చేస్తున్నారు" అని వదిన స్పీకరుతో అన్నది. గొంతమ్మతో ఎన్నడూ అంత మర్యాదగా మాట్లాడలేదు.

గొంతమ్మ ఆమె ఎడమ భుజం పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నది. వదినకు ఆవైపు ఏమీ లేదు. ఫ్యాను ఆపి ఉన్నది. ఈ మధ్య వదినే ఆపించుకుంటున్నది, ఆవిడకు అడ్డు రాకూడదని. గొంతమ్మ ఏదో చెప్పబోయి ఊపిరి తీసుకున్నది.

ఆ ఊపిరి విని వదిన ముఖం విప్పారింది.

"వచ్చారా" అని, ఏ మాటా వినకముందే తల వెనక్కి వాల్చి, సీసా మూత తీసి, సీసాను కంటికి పైగా వంచి పట్టుకొని, చెప్పమన్నట్లుగా కదలకుండా ఉండిపోయింది.

ఎంతసేపు ఆగాలో గొంతమ్మకు తెలుసు. ఆగింది.